కాంక్రీట్ పంపు: ఎస్ వాల్వ్, బెండ్లు అరిగాయి. వెల్డింగ్ పెట్టించాలా, కొత్తవి వేయాలా?

కొత్త_ఓనర్_బెజవాడ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఆరు నెలల కిందట సెకండ్‌హ్యాండ్‌లో ఒక ట్రైలర్ పంపు కొన్నాను. విజయవాడ, మంగళగిరి, తెనాలి వైపు స్లాబులకు బాడుగకు తిప్పుతున్నాను. డీజిల్ ఇంజిన్, ఎస్ వాల్వ్ మోడల్ (కాంక్రీటు పోసే తొట్టిలో అటూ ఇటూ ఊగుతూ రెండు సిలిండర్లను వంతులవారీగా లైనుకు కలిపే వంపు గొట్టం), 125 ఎంఎం లైను. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు బాధలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి.

ఎస్ వాల్వ్ నోటికి ఉండే కటింగ్ రింగుకీ, సిలిండర్ల నోళ్ళ దగ్గరి రెండు రంధ్రాల కళ్ళజోడు ప్లేటుకీ మధ్య సందు వచ్చింది, టార్చి వేస్తే కనిపిస్తోంది. సిలిండర్ల వెనక ఉండే వాటర్ బాక్సులో నీళ్ళు గంటకే బురదగా మారుతున్నాయి. పోయిన వారం పంపు పక్కన ఉన్న బెండుకు సూది మొనంత బెజ్జం పడి సిమెంటు పాలు చిమ్మాయి. కొన్ని పైపులు కొట్టి చూస్తే శబ్దం తేడాగా ఉంది.

ఆటోనగర్‌లో చూపిస్తే అన్నిటికీ వెల్డింగ్ పెట్టి ఇస్తామన్నారు. బెండు మీద పట్టీ వేస్తారట. కొత్త సామాన్ల కొటేషన్ చూస్తే కళ్ళు తిరిగాయి. శుక్రవారం తాడేపల్లిలో 90 క్యూబిక్ మీటర్ల స్లాబు ఒప్పుకున్నాను, అదొక టెన్షన్. ఏది బాగు చేయించుకోవచ్చు, ఏది మార్చక తప్పదు?

స్పేర్లు_బాలానగర్ · సోమవారం రాత్రి 9:31

అన్నీ మార్చేయండి. నేను ఇలా అంటే సామాన్లు అమ్ముకునేవాడు ఇంకేం చెప్తాడు అంటారు, అదీ నిజమే. కానీ కటింగ్ రింగును మాత్రం వెల్డింగ్‌కు ఇవ్వకండి. దాని అంచున ఉండేది టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు. వాటిని బ్రేజింగ్ చేసి అతికిస్తారు. ఆర్క్ వేడి తగిలితే ఆ అతుకు వదిలేస్తుంది. ఊడిన ముక్క లైన్లోకి పోతే ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరికీ తెలీదు.

పాత_ఆపరేటర్ · సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, రింగు మార్చే ముందు ఒకటి చెప్పు. సందు బిగించి చూశావా? ఎస్ వాల్వ్ వెనక వైపు నట్టు ఉంటుంది. అది బిగిస్తే వాల్వ్ ప్లేటు వైపుకు లాగుకుంటుంది. రింగు వెనకాల ఉండే రబ్బరు రింగు రాయిలా గట్టిపడి ఉంటే మాత్రం ఎంత బిగించినా లాభం లేదు. ఆ రబ్బరు కొత్తది వేయి, దానికేం పెద్ద డబ్బు కాదు. కటింగ్ రింగు చుట్టూ ఒకేలా అరగదు. ఒక వైపే తిన్నట్టుంటే తిప్పి వేసుకోవచ్చు, ఇంకొన్నాళ్ళు వస్తుంది.

సందును ఊరికే వదలకు. ఆ సందులోంచి పాలు వెనక్కి హాపర్‌లోకి, అంటే తొట్టిలోకి పోతాయి, లైన్లో కంకర మిగులుతుంది. ఆ మీదట జామ్.

ఇప్పుడు అసలు మాట. ఆ హాపర్‌లో చేయి పెట్టే ముందు ఇంజిన్ ఆపితే చాలదు. నూనె ఒత్తిడిని గ్యాస్‌తో నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్‌లో ఒత్తిడి అలాగే ఉంటుంది. ఇంజిన్ ఆగిన తర్వాత కూడా ఎస్ వాల్వ్ ఇంకోసారి ఊగగలదు. ఆ ఒత్తిడిని వదిలే డంప్ వాల్వ్ తెరిచి, గేజి ముల్లు సున్నాకి వచ్చిందని కళ్ళతో చూసి, అప్పుడు చేయి పెట్టాలి. తాళం చెవి లోపల చేయి పెట్టినవాడి జేబులోనే ఉండాలి, ఆపరేటర్ దగ్గర కాదు. నా ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. ఆ రోజు తాళం నా హెల్పర్ దగ్గర ఉంది.

లేత్_షెడ్_ఆటోనగర్ · మంగళవారం ఉదయం 7:20

మా మీద అప్పుడే తీర్పు చెప్పేశారు, కాబట్టి నేనూ నాలుగు ముక్కలు చెప్తా. ఇరవై ఏళ్ళుగా ఎస్ వాల్వులకు హార్డ్‌ఫేసింగ్, అంటే అరిగిన చోట గట్టి లోహం పొర పెడుతున్నాను. పద్ధతిగా చేస్తే మంచి పని. బెజ్జం పడేదాకా ఆగకుండా గోడ ఇంకా మందం ఉండగానే తేవాలి, జనం తేరు.

ముందు అయస్కాంతం పెట్టి చూస్తాను. అంటుకోలేదంటే అది మాంగనీస్ స్టీలు. దాన్ని వేడెక్కనివ్వకూడదు. చిన్న చిన్న కుట్లు వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేయాలి. అంటుకుంటే మామూలు అలాయ్ పోత, దానికి తిరగేసి పద్ధతి: ముందే వేడి చేయాలి, ఆరబెట్టిన లో హైడ్రోజన్ రాడ్‌తో అడుగు పొర వేయాలి, దాని మీద హార్డ్‌ఫేసింగ్ రెండు పొరలు. మూడో పొరకి ఆశపడితే పెచ్చులూడుతుంది. తర్వాత బట్ట కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. రెండిటికీ ఒకే రాడ్ పట్టుకుని గీకేవాళ్ళున్నారు, వాళ్ళ వల్లే మా అందరికీ చెడ్డపేరు.

బెండు పట్టీ కూడా రోజూ వేస్తూనే ఉంటాం. తిరుగుతూనే ఉన్నాయి.

కోకాపేట_సైట్ · మంగళవారం ఉదయం 8:47

ఎస్ వాల్వ్ గురించి మేస్త్రీ గారు చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. అయస్కాంతం సంగతి చాలామంది ఇంజినీర్లకే తెలీదు. బెండు పట్టీ దగ్గరే నాకు అభ్యంతరం. అదీ లెక్కతోనే చెప్తాను.

125 ఎంఎం పైపు లోపలి వైశాల్యం దాదాపు 123 చదరపు సెంటీమీటర్లు. లైన్లో ఒత్తిడి 85 బార్ వస్తే ఆ నోటి మీద పడే బలం పదిన్నర టన్నులు. మామూలు పంపింగ్‌లో అంత రాదు అంటారు, సరే. 20 బార్ వేసుకోండి, అప్పుడూ రెండున్నర టన్నులు. ఒక నిండు ఇన్నోవా కంటే బరువు.

ఇక గోడ. మామూలు స్ట్రెయిట్ పైపు కొత్తగా ఉన్నప్పుడు 4.5 ఎంఎం మందం. 85 బార్ దగ్గర స్టీలు మీద ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 118 న్యూటన్లు. ఆ స్టీలు సాగడం మొదలయ్యేది 355 దగ్గర, అంటే మూడు రెట్లు వెసులుబాటు ఉంది. 2 ఎంఎంకి అరిగితే 265. 1.5 ఎంఎంకి వస్తే 354. అంటే ఇక వెసులుబాటు సున్నా.

బెజ్జం సూది మొనంతే అన్నారు కదా. సూది మొన దగ్గర మందం సున్నా అయితే, చుట్టూ అరచేయంత మేర ఎంత ఉంటుందనుకుంటున్నారు? అర మిల్లీమీటరు, ఒకటి. పట్టీ అంచులను అతికించేది ఆ రేకు మీదే. పైన ఎంత మందం పట్టీ వేసినా పునాది కాగితమే.

లేత్_షెడ్_ఆటోనగర్ · మంగళవారం ఉదయం 9:15

లెక్కలు బాగానే ఉన్నాయి సార్. కానీ నేను పట్టీ వేసిన బెండు ఒక్కటీ పేలలేదు.

పాత_ఆపరేటర్ · మంగళవారం ఉదయం 9:40

పేలితే నీ దగ్గరికి వచ్చి చెప్పరు మేస్త్రీ. పోలీస్ స్టేషన్‌కి పోతారు.

కడప_కాంట్రాక్టర్ · మంగళవారం ఉదయం 9:52

ఈ బాబాయ్ మాట తూటా.

దోహా_బూమ్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

జగిత్యాల వాణ్ని, ఇక్కడ ఖతార్‌లో బూమ్ పంపు (మడత చేతులుండే లారీ పంపు) నడుపుతున్న. మా సైట్ల మందం కొలిచే గేజి లేకుంటే గేటు లోపలికే రానియ్యరు. అల్ట్రాసోనిక్ గేజి, ఫోనంత ఉంటది. కొంచెం జెల్ రాసి పైపుకు ఆనిస్తే మందం చూపిస్తది. ప్రతి పైపుకు నంబరు, ప్రతి నంబరుకు ఒక పేజీ. సుత్తితో కొట్టి శబ్దం వినుడు అనుభవం ఉన్నోళ్ళకు అంచనా ఇస్తది గానీ, అంకె చెప్పదు. లైన్ల ఒత్తిడి ఉన్నప్పుడు సుత్తి ముట్టుకోనే వద్దు.

పడుకున్న లైన్ల పైపు అడుగు ఎక్కువ అరుగుతది. అందుకే అప్పుడప్పుడు మూడో వంతు తిప్పి వేస్తే అన్ని వైపులా సమానంగా తింటది. బెండుకు మాత్రం బయటి వంపే పోతది. దానికి తిప్పుడు లేదు, మార్చుడే.

హైడ్రాలిక్ హోసు గురించి ఎవరూ అనలేదు, నేనంటా. అది బాగు చేసుడనే మాటే లేదు. జర్మన్ ప్రమాణం ప్రకారం హోసు ఆయుష్షు ఆరేండ్లు, అందులో గోదాముల ఉన్న కాలం రెండేండ్లు దాటొద్దు. సన్న బెజ్జం పడితే చేత్తో వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలె. 300 బార్‌ల నూనె చర్మం లోపలికి దూరితే పైకి దోమ కుట్టినట్టే ఉంటది, నొప్పి కూడా మొదట ఉండదు. అట్లనే ఇంటికి పోతే చేయి పోయినట్టే. వెంటనే ఆస్పత్రికి పోవాలె, నూనె దూరిందని డాక్టర్‌కు చెప్పాలె.

కడప_కాంట్రాక్టర్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

అన్నా, మా బూమ్ రెండో చేతికి వెంట్రుక పగులు కనిపిస్తోంది. వెల్డింగ్?

దోహా_బూమ్ · మంగళవారం మధ్యాహ్నం 2:18

బండి పక్కకు పెట్టు. బూమ్ మామూలు ఇనుము కాదు, హై స్ట్రెంత్ స్టీలు. ఊళ్ళె మేస్త్రి వేడి చేస్తే ఆ చుట్టుపక్కల బలం పోతది. కంపెనీ పద్ధతి, కంపెనీ ఒప్పుకున్న వెల్డరు. ఇంక మాట లేదు.

కొత్త_ఓనర్_బెజవాడ · మంగళవారం రాత్రి 8:55

అందరికీ థాంక్స్. గుంటూరులో ఒక టెస్టింగ్ ల్యాబు అబ్బాయి గేజి తెచ్చి సాయంత్రం కొలిచి పెట్టాడు. మొత్తం 22 పైపులు, ఐదు బెండ్లు.

పైపుల్లో 13 మూడున్నర ఎంఎం పైనే. ఆరు 2.8 నుంచి 3.3 మధ్యలో. మూడు మాత్రం అడుగున 2.1, 1.9, 1.7. అవే పైపులు పై వైపు 4.3 చూపించాయి, అంటే పాత ఓనరు ఒక్కసారి కూడా తిప్పలేదు. బెండ్లలో బెజ్జం పడినదాని పక్కన ఒక చోట 0.9 వచ్చింది. సైట్ సార్ చెప్పిన కాగితం నిజమే. ఇంకో బెండు బయటి వంపులో 2 కిందే ఉంది. మిగతా మూడూ బాగున్నాయి.

ఒక సందేహం. అరిగిన పైపులను లైను చివర, స్లాబు మీద వేసి, మంచివి పంపు దగ్గర వేస్తే? చివర్లో ఒత్తిడి తక్కువ కదా.

స్పేర్లు_బాలానగర్ · మంగళవారం రాత్రి 9:20

అందరూ చేసేది అదే. 2.8 నుంచి 3.3 ఉన్నవాటిని అలా వాడుకోండి. అమ్ముకునేవాడు కూడా ఒప్పుకుంటున్నాడు చూడండి.

కోకాపేట_సైట్ · మంగళవారం రాత్రి 9:46

ఆ ఆరింటికి సరే, తిప్పి వేసుకోండి, మీ పంపు గరిష్ఠ ఒత్తిడికి కంపెనీ పట్టికలో కనీస మందం ఎంతో చూసి మరీ. 2.1, 1.9, 1.7 ఉన్నవి ఎక్కడా వద్దు. చివర ఒత్తిడి తక్కువ అనేది కాంక్రీటు కదులుతున్నప్పటి మాట. రబ్బరు హోసు దగ్గర జామ్ అయిందనుకోండి. ఆపరేటర్ ఇంకో రెండు స్ట్రోకులు కొడతాడు. అప్పుడు పంపు నుంచి జామ్ దాకా మొత్తం లైనుకు పంపు పూర్తి ఒత్తిడి వస్తుంది. పైగా స్లాబు మీదే కదా మనుషులు ఎక్కువ ఉండేది. పంపు దగ్గర ఒకడుంటే అక్కడ పది మంది.

కొత్త_ఓనర్_బెజవాడ · మంగళవారం రాత్రి 9:58

ఈ మాట నాకు తట్టనేలేదు సార్.

లేత్_షెడ్_ఆటోనగర్ · బుధవారం ఉదయం 6:50

రాత్రంతా ఆలోచించాను. 0.9 అనే అంకె చూశాక పట్టీ మాట వెనక్కి తీసుకుంటున్నా. మా దగ్గరికి బెండు వస్తే బెజ్జం చుట్టూ గ్రైండర్ పెడతాం, ఎంత రేకు మిగిలిందో కొలవం. అది మా తప్పే.

కానీ మీరూ ఒకటి ఒప్పుకోవాలి. కొత్తది అనగానే క్షేమం కాదు. మార్కెట్లో పైపులను కలిపి పట్టే డూప్లికేట్ క్లాంపులు చూశారా? పోతలో బుడగలు, పిన్ను వదులు. పైపు కొనన ఉండే కాలర్ ఒక రకం, క్లాంపు గాడి ఇంకో రకం. సుత్తితో కొట్టి మూసేస్తారు. మూసుకుంది కదా అని వాడతారు. పద్ధతిగా హార్డ్‌ఫేసింగ్ పెట్టిన ఎస్ వాల్వ్ ఫెయిలైతే కాంక్రీటు హాపర్‌లో కారుతుంది, పని ఆగుతుంది, డబ్బు పోతుంది, అంతే. ఆ కొత్త క్లాంపు ఫెయిలైతే మనిషి పోతాడు. నా వెల్డింగ్‌ను తిట్టేవాళ్ళు అది చూడరేం?

పాత_ఆపరేటర్ · బుధవారం ఉదయం 7:35

ఇదీ మాటంటే. ఈ లెక్కన చూసుకుంటే చాలు తమ్ముడూ. ఆ సామాను పనిలో ఉండగా పోతే ఏమవుతుంది? పిస్టన్ రబ్బరు పోతే నీళ్ళు బురద. ఎస్ వాల్వ్ కారితే జామ్. అజిటేటర్ రెక్క అరిగితే కలపడం తగ్గుతుంది. వాటికి వెల్డింగ్ పెట్టు, లోకల్ మాలు వేయి, ప్రయోగాలు చేసుకో, నీ ఇష్టం. బెండు, పైపు, కాలర్, క్లాంపు, చివరి రబ్బరు హోసు, హైడ్రాలిక్ హోసు, ఇవి పోతే మీద పడతాయి. వీటికి మరమ్మతు లేదు.

కడప_కాంట్రాక్టర్ · బుధవారం ఉదయం 7:50

కాలర్‌కు కూడానా? మా దగ్గర అరిగిన కాలర్‌కు వెల్డింగ్ నింపి లేత్ మీద సైజుకు తిప్పుతారు. చక్కగా కూర్చుంటుంది.

లేత్_షెడ్_ఆటోనగర్ · బుధవారం ఉదయం 8:05

నేనూ చేశాను. చెయ్యకూడదనే అనుకుంటున్నా ఇప్పుడు. లోపల గట్టిపరిచిన పైపు అయితే ఆ వేడికి కాలర్ పక్కనే వెంట్రుక పగులు వస్తుంది, పైకి కనబడదు. కాలర్ అరిగే వయసుకు పైపు కూడా ఎలాగూ అయిపోయి ఉంటుంది.

కోకాపేట_సైట్ · బుధవారం ఉదయం 8:30

కంపెనీలు కూడా కాలర్‌ను వెల్డింగే చేస్తాయి కదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే. కొత్త పైపుకు, తెలిసిన స్టీలుకు, చేశాక పరీక్ష పెట్టి. మన దగ్గర ఆ మూడూ ఉండవు.

స్పేర్లు_బాలానగర్ · బుధవారం ఉదయం 10:12

బురద నీళ్ళ సంగతి మరిచిపోయారు. పిస్టన్లు రెండూ ఒకేసారి మార్చండి, ఒక్కటి మారిస్తే నెలలో రెండోది. వేసే ముందు సిలిండర్ లోపల గోరు పెట్టి గీయండి, ఇంజిన్ ఆపి, బాబాయ్ చెప్పిన గేజి సున్నా చూసుకునే. గోరు ఎక్కడైనా తట్టుకుంటే క్రోమ్ లేచినట్టు. అలాంటి సిలిండర్‌లో బంగారం పిస్టన్ వేసినా వారం ఉండదు. సిలిండర్‌కు మళ్ళీ క్రోమ్ వేయించుకోవచ్చు, అది మంచి మరమ్మతే. నా వ్యాపారానికి నష్టమే, అయినా చెప్తున్నా.

పాత_ఆపరేటర్ · బుధవారం ఉదయం 10:40

పిస్టన్ మార్చేటప్పుడు వాటర్ బాక్సులో ఒకడి చేయి ఉంటుంది, లివర్ దగ్గర ఇంకొకడు ఉంటాడు. పిస్టన్ వెనక్కి రప్పించడానికి ఇంజిన్ నడవాలి, వేరే దారి లేదు. మధ్యలో మూడో మనిషి "అయిందా?" అని అరిస్తే లివర్ దగ్గరివాడు దాన్ని "కొట్టు" అని వింటాడు. ఇద్దరే ఉండాలి, ఒకరికొకరు కనబడాలి. బయటికి తీసిన రెండు చేతులూ చూశాకే లివర్ ముట్టుకోవాలి. ఫోన్లు జేబులో.

దోహా_బూమ్ · బుధవారం మధ్యాహ్నం 12:15

అక్యుమ్యులేటర్ గ్యాస్ తగ్గితే నైట్రోజనే నింపాలె. వెల్డింగ్ షాపుల దగ్గర్ల ఉంది కదా అని ఆక్సిజన్ పట్టించినోళ్ళున్నరు. నూనె ఉన్నకాడ ఆక్సిజన్ అంటే బాంబే.

ఇంకోటి, హాపర్ జాలీకి స్విచ్ ఉంటది. జాలీ ఎత్తంగనే అజిటేటర్, వాల్వ్ ఆగాలె. పాత పంపులల్ల చాలావరకు తీగ కట్టి దాన్ని బైపాస్ చేస్తరు. కొత్త ఓనరన్నా, నీదానిల ఎట్లుందో చూసినవా?

కొత్త_ఓనర్_బెజవాడ · బుధవారం మధ్యాహ్నం 1:02

ఇప్పుడే చూశాను అన్నా. తీగే ఉంది. పాత ఓనరు ఇచ్చిన కానుక.

కోకాపేట_సైట్ · బుధవారం సాయంత్రం 5:20

శుక్రవారం స్లాబు ఎన్నో అంతస్తు?

కొత్త_ఓనర్_బెజవాడ · బుధవారం సాయంత్రం 5:41

ఐదో అంతస్తు సార్. నిలువు లైను పదిహేడు మీటర్లు దాకా వస్తుంది.

కోకాపేట_సైట్ · బుధవారం సాయంత్రం 6:03

అయితే పంపు ఆపినా అడుగున నాలుగు బార్ ఉంటుంది, కాంక్రీటు బరువు వల్లే. పది మీటర్లకు దాదాపు 2.4 బార్ చొప్పున వేసుకోండి. అంటే కింది బెండు క్లాంపు మీద అర టన్ను. జామ్ అయితే ముందు రెండు మూడు స్ట్రోకులు రివర్స్ కొట్టించండి. కింద కాంక్రీటును ఆపే షట్ ఆఫ్ గేటు లేకుండా నిలువు లైను దగ్గర క్లాంపు విప్పనివ్వకండి. మొఖం ఎప్పుడూ జాయింటుకు ఎదురుగా ఉండకూడదు.

జామ్ తీసి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు లైన్లో గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలి బయటికి వచ్చే క్షణంలో చివరి హోసు పాములా కొడుతుంది. ధార నిలకడగా వచ్చేదాకా హోసు దగ్గర ఎవరూ ఉండొద్దు. పట్టుకోవడానికి అసలు ప్రయత్నించొద్దు. హోసు కొనకు ఇనుప కాలర్ ఉన్నది వాడొద్దు.

కొత్త_ఓనర్_బెజవాడ · శనివారం ఉదయం 11:15

స్లాబు అయిపోయింది. రాత్రి పదకొండున్నర అయింది. చేసినవి చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

రెండు బెండ్లు, మూడు పైపులు కొత్తవి. క్లాంపులు ఎనిమిది మార్చాను, కాలర్ కొలత పట్టుకెళ్ళి ఒక్కొక్కటి వేసి చూసి కొన్నాను. అయినా రెండు వెనక్కి ఇచ్చేశాను. పిస్టన్లు రెండూ కొత్తవి. సిలిండర్‌కు గోరు తట్టలేదు, అదృష్టం. కటింగ్ రింగు బాబాయ్ చెప్పినట్టే తిప్పి, వెనక రబ్బరు కొత్తది వేశాను. సందు పోయింది. జాలీ స్విచ్‌కు ఎలక్ట్రీషియన్ గంట కూడా తీసుకోలేదు. ఎస్ వాల్వ్ హార్డ్‌ఫేసింగ్‌కు వచ్చే వారం మేస్త్రీ గారి షెడ్డుకే తెస్తున్నాను.

సాయంత్రం ఐదింటికి ఒకసారి జామ్ అయింది. కాంక్రీటు తెచ్చే ఒక టీఎం (మిక్సర్ లారీ) గంటన్నర ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చింది, అందులో కాంక్రీటు బిగిసిపోయింది. గేజి 70 దాటింది. రివర్స్ కొట్టి, సున్నా చూసి విప్పాం. ఆ కింది బెండు వైపు చూస్తూ నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది 0.9 అంకె. నా హెల్పర్ సరిగ్గా దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

పాత బెండ్లు, పైపులు గ్యాస్ కటింగ్‌తో రెండు ముక్కలు చేయించాను. పాత ఇనుము కొనేవాడు నిండు ముక్కగా ఇస్తే ఇంకొంచెం ఎక్కువ ఇస్తానన్నాడు. ఎందుకో తెలుసుగా, మళ్ళీ ఎవరికో అమ్మడానికి.

పాత_ఆపరేటర్ · శనివారం ఉదయం 11:50

ముక్కలు చేశావు, అది చాలు నాకు.

లేత్_షెడ్_ఆటోనగర్ · శనివారం మధ్యాహ్నం 12:30

ఎస్ వాల్వ్ మంగళవారం తీసుకురండి, పంపు మీద ఉండగా పెట్టను, విప్పి తేవాలి. అలాగే బెజ్జం బెండు సగం ముక్క అమ్మెయ్యకుండా నాకు తెచ్చిపెట్టండి. షెడ్డు ముందు వేలాడదీస్తాను. పట్టీ వేయమని వచ్చేవాళ్ళకు నోటితో చెప్పే కంటే ఆ అంచు చూపించడం తేలిక.

కొత్త_ఓనర్_బెజవాడ · శనివారం మధ్యాహ్నం 12:41

తెస్తాను మేస్త్రీ గారు. అంచు పదునుగా ఉంది, గుడ్డ చుట్టి తెస్తా.